గేటుకు బీగం

"గేటుకు బీగమేసుకోని రెండ్రోజులు యాడికన్నా పొండి" అని వెంకటరత్నమ్మ అన్నప్పుడు, ఆ మాట తనతోనే అంటోందని నాగరత్నమ్మకు చప్పున తట్టలేదు. చేటలో రాగులు చెరుగుతున్నదల్లా చెయ్యి ఆపి, వెనక ఇంకెవరైనా నిలబడి ఉన్నారేమోనని తిరిగి కూడా చూసింది. వరండాలో వాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు.

"యాల పోవాలక్కా?"

"యాల ఏందిమే! రేపు పొద్దన నీ మిద్దె మీదికి పీనుగును తెస్తాంటే ఎదురుపోయి హారతి పడతావా?"

"పీనుగేందక్కా! మిద్దె మీద బాడుగకుండే సిద్దప్ప బతికే ఉండాడు. ఆయన పెండ్లాం యమున ఇప్పుడే గదా ఫోన్ చేసింది."

"ఈ పొద్దు బతికుండాడు. ఆస్పత్రోళ్ళు ఇంటికి తీసకపొమ్మన్నారంటే దానికి అర్థమేంది? ఇంక మా చేతల్లో లేదు, మీ ఇంట్లోనే పోనీండి అని. మీ ఇల్లంటే ఎవరిల్లు? నీ ఇల్లు!"

ఇంత మాట అంటూ కూడా వెంకటరత్నమ్మ చేతులు ఊరుకోలేదు. చేట తన పక్కకు లాక్కుని, రాగుల్లోని మట్టిపెళ్ళలను ఒక్కొక్కటే ఏరి మెట్టు కిందికి వేస్తోంది. ఎంత సాయమైన మనిషి! తాము బైరెడ్డిపల్లె నుంచి మదనపల్లెలోని ఈ లేఅవుటుకు వచ్చి మూడు నెలలు కాలేదు. వచ్చిన కొత్తలో ఏ గేటు చూసినా మూసే ఉండేది. ఏ మొహం చూసినా కిటికీ తెర వెనకే ఉండేది. పలకరించే దిక్కులేక నాగరత్నమ్మకు పిచ్చెక్కేలా ఉన్నప్పుడు, ఎదురింటి నుంచి దోసెడు కరివేపాకు పట్టుకుని వచ్చింది ఈ వెంకటరత్నమ్మే. చిక్కటి పాలు ఎవరు పోస్తారు, నీళ్ళ ట్యాంకరు ఘనికి ఎప్పుడు ఫోన్ చేస్తే దొరుకుతాడు, మునిసిపాలిటీ చెత్తబండి ఏ పూట వస్తుంది, అన్నీ ఆమె చెప్పినవే. వీధిలో మొదట ఇల్లు కట్టింది వాళ్ళు. ఆమె సరే అంటే వీధి మొత్తం సరే అన్నట్టు.

"ఈ వీధికి ఒక కట్టుబాటు ఉండాది నాగరత్నమ్మా. బాడుగోళ్ళ పీనుగు ఇంట్లోకి రాకూడదు. ఇది నేనొకదాన్ని పెట్టింది కాదు, అందరూ అనుకున్నదే. పోయిన ఏడు మూలింట్లో బాడుగకున్న ముసలాయన పోతే, వాన పడతాన్నా రోడ్డు మీదనే టార్పాలిన్ కట్టినారు. ఇంటాయన గేటు తీసినాడా? తియ్యలా."

"వానలోనా!"

"వానైతే మనమేం చేస్తాం? పోయే పానం మంచి నచ్చత్రంలో పోతే సరే. పాడు నచ్చత్రంలో పోయిందనుకో, ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాల. పొయ్యి రాజెయ్యకూడదు, దీపం పెట్టకూడదు. నీ గృహప్రవేశం తోరణాలు ఇంకా ఎండను కూడా ఎండలా. యాడుంటారు ఆర్నెల్లు? నీకే కాదు, ఎదురుగా ఉండేది మేము. మాకూ అరిష్టమే."

పాలవాడి నంబరు చెప్పిన గొంతుతోనే ఈ మనిషి ఇదీ చెబుతోంది!

"అక్కా, నేను రమ్మని చెప్పేసినా. తీసుకురామ్మా, నేనుండాను అన్న్యా. పైకి పోయి వాళ్ళ వాకిలి ఊడ్చి చాప కూడా పరిచి వచ్చినా."

"చెప్తే చెప్పినావులే. ఇప్పుడు రావద్దని నోరు తెరిచి చెప్పే పని కూడా లేదు. గేటుకు బీగముంటే వాళ్ళే అర్థం చేసుకుంటారు. అంత సులువు."

"మీ గడపబండ సిద్దప్ప కోసిందే గదక్కా? యమున చెప్పింది, ఈ వీధిలో సగం ఇండ్ల బండలు ఆయన మిషను కింద కోసినవేనని. ఆ దుమ్మే గదా ఆయన రొమ్ములో చేరింది."

వెంకటరత్నమ్మ చేట కింద పెట్టి, చీర దులుపుకుని లేచింది. "కూలి ఇచ్చినాం గదమ్మా" అంది. అని, గేటు దాకా పోయి మళ్ళీ తిరిగి, "నీ మంచికే చెప్తాండా. రేపటి నుంచి ఈ వీధిలో నలుగురి మధ్యన బతకాల్సింది నువ్వు" అని వెళ్ళిపోయింది.

చెంగల్రాయుడు మధ్యాహ్నం మూడు దాటాక ఇల్లు చేరాడు. టమోటా మండీలో బాక్సులు లెక్కపెట్టి దించుకోవడం అతని పని. ఒంటి నిండా పండు వాసన. పెరట్లో కాళ్ళు కడుక్కుంటుండగానే నాగరత్నమ్మ జరిగినదంతా చెప్పింది. చెబుతూ, మొగుడు ఇప్పుడు నవ్వుతాడు, "ఆయమ్మకు పనీపాటా లేదు, నువ్వు పట్టించుకోబాకు" అంటాడు అనుకుంది. పల్లెలో ఎవరింట్లో పీనుగు లేచినా మొదట భుజం పట్టే మనిషి ఆయన.

చెంగల్రాయుడు నవ్వలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఆయమ్మ మొగుడు ముద్దుకృష్ణ టీ అంగడి కాడ చెప్పినాడు. వాళ్ళనేదీ నిజమే" అన్నాడు.

"నిజమా!"

"పల్లెలో మనం ఏమి చేసినా చెల్లింది. ఈడ కొత్త. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోవద్దు. రేపు మనకేదన్నా అయితే ఈ వీధే గదా దిక్కు?"

"రేపు మనకేదన్నా అయితే ఈ వీధి గేటు తీస్తాదా?"

అతను తువ్వాలు దండెం మీద వేసి, చాలాసేపు అంచులు సరిచేశాడు. తర్వాత గోడ వైపు చూస్తూనే, "పొద్దన పుంగనూరికి అక్క ఇంటికి పో. నేను మండీకి పోయేటప్పుడు బస్సుకాడ దించుతా. గేటు బీగంచెవి నాకాడనే ఉంటాది. నీ మనసు నాకు తెలుసు" అన్నాడు.

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఇతనేనా అని నాగరత్నమ్మ బిత్తరపోయి చూసింది. అయినా ఎదురు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అదే ఆశ్చర్యం. మొగుడికి భయపడి కాదు. వెంకటరత్నమ్మ మొహం తిప్పుకుంటే రేపటి నుంచి ఈ నాలుగు గోడల మధ్య ఎవరితో మాట్లాడాలి అన్న దిగులు, పైన పరిచి వచ్చిన చాప కంటే పెద్దదై కూర్చుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు కూడా. తెలిసే, పొద్దున్నే బ్యాగులో రెండు చీరలు సర్దుకుంది.

తెల్లారి చెంగల్రాయుడు గేటుకు బీగం వేసి రెండుసార్లు లాగి చూస్తుండగా ఆమె ఫోను మోగింది. యమున. మోగి మోగి ఆగిపోయింది. బండి మీద పోతుంటే మళ్ళీ మోగింది. పుంగనూరు రోడ్డు మీద ఆమెను దించి అతను మండీకి పోయాడు. అక్కడ నిలబడ్డాక మూడోసారి. రోడ్డు మీద వచ్చేపోయే బండ్ల వైపు చూడ్డానికి కూడా నాగరత్నమ్మకు మొహం చెల్లలేదు. నాలుగోసారి మోగినప్పుడు ఫోనును కొంగులో చుట్టి చంకన పెట్టుకుంది. లోపల అది చాలాసేపు మోగింది. అంతలో బస్సు వచ్చింది.

ఆ తర్వాత ఫోను మోగలేదు. మోగుతున్నంతసేపూ ఎప్పుడు ఆగుతుందా అనిపించింది. ఆగాక, ఎందుకు ఆగిందా అని మనసు పీకసాగింది. బస్సులో మూడుసార్లు తీసి చూసింది, చార్జింగు అయిపోయిందేమోనని. అయిపోలేదు.

పుంగనూరులో పాపక్క వాకిట్లో చింతపండు కొడుతోంది. చెంగల్రాయుడికి పెద్దక్క. డెబ్బై దాటినా సుత్తి దెబ్బ గురి తప్పదు. కాయను బండ మీద పెట్టడం, ఒక్క దెబ్బ, గింజలు ఒకవైపు పండు ఒకవైపు.

"ఏమ్మే, ఉన్నట్టుండి వచ్చినావు? మా వాడు బాగుండాడా?"

"బాగుండాడు వదినా. ఊరికే, నిన్ను చూసి పోదామని."

"నన్ను చూసేదానికి వచ్చినావా!" ముసలామె మురిసిపోయింది. లోపలికి పోయి సంగటి గిన్నె, ఊరిబిండి పచ్చడి తెచ్చి ముందర పెట్టింది. "తిను. మొగమంతా పీక్కోని పోయింది, టౌనులో తిండి లేదా మీకు?"

నాగరత్నమ్మ ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. అది దిగలేదు. రెండో ముద్ద చేతిలో ఉండగానే ఫోను మోగింది. ఉలిక్కిపడి చూస్తే యమున కాదు, ట్యాంకరు ఘని. నాలుగు రోజుల కిందట నీళ్ళకు చెప్పిన సంగతే ఆమె మరిచిపోయింది. ఎడమచేత్తో ఎత్తింది. ఘని గొంతు లారీ హారను. మైకు అక్కర్లేదు.

"అమ్మా, సలాం! నీళ్ళు తెచ్చినా, గేటుకు బీగముండాదే! ఊర్లో లేరా? ఈడ చూస్తే మీ గేటుకాడ మనిషిని కూర్చోబెట్టి పోయిండారమ్మా. మీ మిద్దె మీదుండే బండలాయప్ప. పండుకుంటే ఊపిరాడదంట, గేటుకు ఆనుకోని కూర్చోనుండాడు. ఎండ మొగం మీదనే కొడతాంది. యా అల్లా, మనిషి మనిషిగా లేడమ్మా! అంబులెన్సోడు దించేసి పోయినాడంట, పొద్దన ఎనిమిదికి. ఆయప్ప పెండ్లాన్ని అడిగితే 'అమ్మ వస్తాది' అంటాది, ఇంకో మాట లేదు. మీకు తెల్దేమోనని ఫోన్ చేసినా."

మీకు తెల్దేమోనని! నాగరత్నమ్మ చేతిలోని ముద్ద గిన్నెలోకి జారింది.

"వస్తాండానప్పా. నువ్వు పోబాకు. ఆడనే ఉండు" అని మాత్రం అనగలిగింది.

పాపక్క సుత్తి ఆగిపోయి ఎంతసేపైందో. ఘని గొంతు ముసలామెకూ వినబడింది. మరదలి మొహంలోకి చూసి చూసి, "పానం పోయే మనిషికి వాకిలి మూసి వచ్చినావా?" అంది నెమ్మదిగా.

నాగరత్నమ్మ సంగటి గిన్నెను పక్కకు జరిపింది.

"పో. లెయ్. బీగమేసి మా ఇంటికి వచ్చినావని ఎవరికీ చెప్పబాకు. నాకు తలవంపులు."

చెయ్యి కడుక్కున్నదో లేదో కూడా గుర్తులేదు ఆమెకు. బస్సు ఎక్కాక చూసుకుంటే వేళ్ళ సందుల్లో సంగటి ఎండిపోయి ఉంది. మొగుడికి ఫోన్ చేస్తే, "వేలంపాట నడస్తాంది, సాయంత్రం మాట్లాడదాం" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పొద్దున తను చేసిందే ఇప్పుడు అతను తనకు చేస్తున్నాడు.

వీధి మలుపు తిరిగేసరికి పన్నెండున్నర. వీధి నిండా ఎండ తప్ప మనిషి లేడు. రెండు వైపులా గేట్లు మూసి ఉన్నాయి. కిటికీ తెరలు మాత్రం కదులుతున్నాయి. వెంకటరత్నమ్మ ఇంట్లో కుక్కరు మూడో విజిలు వేసింది. పప్పు తాలింపు వాసన వీధంతా వచ్చింది. బతికున్న మనిషి బయట ఊపిరికి కొట్టుకుంటుంటే లోపల పప్పు తాలింపు! అసలు నీకేం హక్కు ఉంది వాళ్ళను అనడానికి అని నాగరత్నమ్మ మనసులో ఎవరో అడిగారు.

ఘని ట్యాంకరును గేటుకు అడ్డంగా నిలబెట్టాడు. దాని నీడ సరిగ్గా సిద్దప్ప మీద పడుతోంది. ఎండ జరిగినకొద్దీ బండిని జరుపుతూ రెండు గంటలుగా అక్కడే ఉన్నాడు. అవతల ఇద్దరు ముగ్గురు నీళ్ళకోసం ఫోన్లు చేసి తిడుతుంటే, "బండి చెడిపోయిండాది" అని అబద్ధం చెబుతున్నాడు.

సిద్దప్ప గేటు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళు నిండని మనిషి. చొక్కా గుండీలు విప్పి ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ దగ్గర గుంట పడుతోంది, ఆ గుంటలో గుడ్డు పెట్టొచ్చు. యమున పక్కనే గొంతు కూర్చుని కొంగుతో విసురుతోంది. నాగరత్నమ్మను చూసి లేచింది. ఏడవలేదు, నిష్ఠూరం ఆడలేదు.

"వచ్చినారా అమ్మా" అంది.

ఆ రెండు మాటలకు నాగరత్నమ్మ చచ్చిపోయింది. "ఊరికి పోయింటి... పనుండి..." అని ఏదో గొణిగింది. సిద్దప్ప చెయ్యి కొంచెం పైకి లేపి, దండం పెట్టబోయి, దించేశాడు.

"ఘనీ, బీగం పగలగొట్టప్పా."

"బీగంచెవి లేదా అమ్మా?"

"లేదు. కొట్టు."

ఘని బండిలోంచి ఇనుప రాడ్డు తెచ్చాడు. మొదటి దెబ్బకు బీగం ఎగిరి పడింది కానీ ఊడలేదు. ఆ చప్పుడుకు వీధిలోని తెరలన్నీ పక్కకు జరిగాయి. ఎదురింటి మిద్దె మీదికి వెంకటరత్నమ్మ వచ్చి పిట్టగోడ పట్టుకుని అరిచింది.

"నాగరత్నమ్మా! ఏమి పని చేస్తాండావు?"

"నా ఇంటి బీగమక్కా" అంది నాగరత్నమ్మ, తలెత్తకుండానే. రెండో దెబ్బకు బీగం ఊడి కింద పడింది.

పైకి పోయే మెట్లు సన్నవి, ఒక మనిషి పక్కగా పోవాల్సినవి. ఘని సిద్దప్ప చంకల కింద చేతులు వేసి, పైకి చూసి ఆగిపోయాడు. యమున, "నేను కాళ్ళు పట్టుకుంటా" అంది. నాగరత్నమ్మ అప్పటికే బ్యాగులోని బీగంచెవితో తన ఇంటి తలుపు తెరిచేసింది. "పైకి వద్దు. హాల్లోకి తీసుకురాండి" అంది. వాళ్ళిద్దరూ నమ్మలేనట్టు ఆమె వైపు చూశారు. "యాల సూస్తాండారు? రాండప్పా!" అని కసిరింది. ప్లాస్టిక్ కవరు కూడా తియ్యని కొత్త సోఫాను గోడకు నెట్టి, రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేసి, వెనక దిండ్లు పేర్చి, సిద్దప్పను కూర్చోబెట్టింది. చెంచాతో నీళ్ళు పోస్తే రెండు గుక్కలు మింగాడు. మూడోది పెదవి మీదినుంచి కారిపోయింది. తన కొంగుతో తుడిచింది.

సాయంత్రం చెంగల్రాయుడు వచ్చాడు. గేటు దగ్గర పగిలిన బీగాన్ని చూశాడు. వాకిలి దాకా వచ్చి, హాల్లో పరుపు మీద మనిషిని చూసి, కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు. నాగరత్నమ్మ వెనక్కి చూడలేదు. తిడితే తిట్టనీ, ఈ రోజు తను చెప్పడానికి కూడా చాలా ఉంది అని ఒళ్ళంతా బిగబట్టి కూర్చుంది.

అతను చెప్పులు విడిచి, గోడ పక్కగా నడిచి పడగ్గదిలోకి పోయాడు. కాసేపటికి టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి సిద్దప్ప కాళ్ళ దగ్గర పెట్టి, గాలి మొహానికి తగిలేలా తల వంచి సరిచేసి, పెరట్లోకి వెళ్ళిపోయాడు. పెరట్లో చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది.

తెల్లవారుతుండగా సిద్దప్ప పోయాడు. పెద్దగా బాధపడలేదు. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పోయి, ఒకచోట తర్వాతిది రాలేదు. యమున ఆయన చెయ్యి పట్టుకుని ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. నాగరత్నమ్మే చూసి చెప్పాల్సి వచ్చింది.

పది గంటలకు సిద్దప్ప తరపు చుట్టాలు వ్యానులో వచ్చారు. కుప్పం పక్కన శాంతిపురం. అక్కడ అతని గది పోయిన వానల్లో కూలిపోయింది, అందుకే ప్రాణంతో అక్కడికి తీసుకుపోలేదు. మట్టి మాత్రం అక్కడిదే కావాలన్నారు. వచ్చినవాళ్ళలో ఒక ముసలామె, సిద్దప్ప మేనత్త, నాగరత్నమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"యమున చెప్పిందమ్మా. పనుండి ఊరికి పోయింటివంట, తెలిసిన వెంటనే పరిగెత్తుకోని వచ్చి బీగం పగలగొట్టి నీ ఇంట్లో పండబెట్టుకున్నావంట. బాడుగోళ్ళను ఇట్ల సూసేవాళ్ళు ఈ కాలంలో యాడుండారు తల్లీ! నీ కడుపు సల్లగుండ."

నాగరత్నమ్మకు ఆ చేతులు నిప్పుల్లా తగిలాయి. విడిపించుకోవడానికి లేదు. చెంగల్రాయుడు తల దించుకుని వరండా స్తంభం చాటుకు తప్పుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి దండాలు పెట్టారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

శవాన్ని వ్యానులోకి ఎక్కిస్తుండగా వెంకటరత్నమ్మ వచ్చింది. గేటు లోపలికి రాలేదు, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటే నిలబడింది. "అయ్యవారికి ఫోన్ చేసి కనుక్కున్నా. ధనిష్ఠలో పోయినాడంట. ఆర్నెల్లు పాడుపెట్టాల. నేను ముందే చెప్పినా, విన్యావా? ఈ పొద్దే సామాన్లు సర్దుకోండి" అంది.

చెంగల్రాయుడి మొహంలో నెత్తురు లేదు. పెళ్ళాం వైపు చూశాడు. నాగరత్నమ్మ ఎదురింటామెనే చూస్తూ, "మూసేది లేదక్కా. ఒక తూరి మూసినా. సాలు" అంది.

వెంకటరత్నమ్మ తెల్లబోయింది. ఏదో అనబోయి, వ్యాను చుట్టూ ఉన్న అంతమంది మొహాలు తన వైపే తిరిగి ఉండడం చూసి, వెళ్ళిపోయింది. ఆమె గేటు మూసుకున్న చప్పుడు విన్నాక, ఇంక ఈ వీధిలో తనకు కరివేపాకు ఇచ్చేవాళ్ళు లేరని నాగరత్నమ్మకు అర్థమైంది. బాధేసింది. అబద్ధమెందుకు, నిజంగానే బాధేసింది.

యమున పైనుంచి చిన్న సంచీ ఒకటి తెచ్చుకుని మెట్లు దిగుతోంది. నాగరత్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాగింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఈ జన్మకు చెప్పలేదు.

"యమునా, మీవాళ్ళు నాకు దండాలు పెడతాంటే నేను ఓర్చుకోలేకుండా ఉండా. నాకు ఊర్లో పనేమీ లేదు. నువ్వు వస్తాండావనే బీగమేసి పోయినా. నీ ఫోను నాకు వినబడింది. నాలుగు తూర్లూ వినబడింది."

చెప్పేసి కళ్ళు మూసుకుంది. ఉమ్మేస్తే మొహాన పడనీ అనుకుంది.

"తెలుసమ్మా" అంది యమున.

నాగరత్నమ్మ కళ్ళు తెరిచింది.

"పుంగనూరు రోడ్డులో బస్సుకు నిలబడింటిరి గదా. మా అంబులెన్సు మీ ముందర్నే వచ్చింది. ఆయనకు ఊపిరాడక కూర్చోబెట్టింటిమి. నేను ఫోన్ చేస్తానే ఉండా, మీరు దాన్ని కొంగులో చుట్టుకుంటాండారు. ఇద్దరం సూసినాం. నాకు ఒళ్ళు మండిపోయి, బండిని యాడికన్నా తిప్పప్పా అని డ్రైవరుతో అన్న్యా. మా ఆయనే వద్దన్నాడు. ఇంక ఫోన్ చెయ్యబాకు, ఆయమ్మకు మొగమాటంగా ఉంటాది అన్నాడు. గేటుకాడనే దించమను, సాయంత్రానికంతా వచ్చేస్తాది, ఆయమ్మ ఉండలేదు అన్నాడు."

బయట వ్యాను హారను కొట్టింది. యమున సంచీ భుజానికి తగిలించుకుంది.

"మేము సాయంత్రందాకా అనుకుంటిమమ్మా. మీరు మధ్యాన్నానికే వచ్చేస్తిరి."